నాలుగో గడి

నలభై రెండు ప్రశ్నలు,
మహబూబ్‌నగర్‌లో జిరాక్స్ తీయించి, పిన్ను కొట్టించి
మక్తల్ బస్సులో ఒళ్లో పెట్టుకొని పోయాను.
ఒక్కో ప్రశ్నకు ఐదు గళ్లు:
అసలు కాదు నుంచి
పూర్తిగా అవును దాకా.

బడి వెనక నల్లరేగడి మైదానం.
రెండు నీలగిరి గుంజలు, నడుమ ఎనిమిది గళ్లు.
సున్నం బిల్లు రాలేదని పొయ్యి బూడిదతో గీశారు.
గాలి వీచినప్పుడల్లా శరణప్ప సారు
చీపురు పట్టుకొని
గీతను దాని చోటికి పిలుస్తాడు.

ఆయన పీఈటీ. లెక్కల సారు లేడు గనక లెక్కలూ చెప్తాడు.
శిక్షణ శైలి అని నా ఫారంలో మూడు పేర్లున్నాయి.
మూడింటికీ టిక్కు పెట్టి
"పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి మేడమ్.
ఓడిన్నాడు మూడోది" అన్నాడు.
ఆయన దగ్గరా ఒక రికార్డుంది, అట్ట ఊడిన రిజిస్టరు.
పేర్ల పక్కన మార్కులు కాదు,
పొద్దున ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు.
తినని పిల్లలకు ఉరికే వంతు ఆఖర్న.
ఈ కాలమ్ నా ఫారంలో లేదు.

పిల్లలు బస్తాలు పరుచుకొని రాశారు.
గౌసియా అన్నింటికీ ఐదు పెట్టింది, ఐదంటే ఫస్టు క్లాసనుకుంది.
నవనీత పక్కదాన్ని చూసి రాసింది.
జట్టు ఐక్యతకు అంతకన్నా మంచి కొలత
నాకు ఇప్పటికీ దొరకలేదు.
తిప్పమ్మ పదిహేడో ప్రశ్న దగ్గర పెన్సిలు ఆపింది.
'నా జట్టువాళ్ల మీద నాకు నమ్మకముంది.'
"కూసున్నప్పుడా మేడమ్, ఉరికేటప్పుడా?"

గైడ్‌కు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు.
"ఏదో ఒకటి పెట్టమ్మా" అన్నాను.
ఆ పిల్ల పెట్టలేదు.

మాపటికి ఆట చూశాను.
ఒకరు తూర్పుకు, ఒకరు పడమటికి,
పక్కపక్కనే కూర్చొని ఒకరి ముఖం ఒకరికి కనబడని ఎనిమిది మంది.
వెనక ఉరికే కాళ్లు. ఎవరివో వినాలి, తిరిగి చూడొద్దు.
వీపు మీద చెయ్యి, చెవిలో ఖో,
తిప్పమ్మ నాలుగో గడిలోంచి లేవడం నేను చూడలేదు,
లేచిన చోట దుమ్ము చూశాను.
స్టాప్‌వాచ్ నొక్కడం మరిచాను.

దీపావళి దాటినంక రెండో విడత.
పన్నెండు మందికి తొమ్మిది మంది.
తిప్పమ్మ అమ్మానాయనలతో పుణెకు పోయింది.
వాళ్లు పదకొండో అంతస్తుకు ఇటుక మోస్తుంటే
కింద తమ్ముణ్ని ఎత్తుకోవడానికి మనిషి కావాలట.
ఇంకో ఇద్దరు పత్తి ఏరబోయారు.
"మళ్లొస్తరా సార్?"
"ఉగాదికి అంటరు.
ఏ ఉగాదికో చెప్పరు."

రాత్రి హాస్టల్ గదిలో కంప్యూటర్ అడిగింది,
ఖాళీలున్న వరసలు తీసెయ్యాలా అని.
తీసేస్తే ఆ బడిలో ఆడేవాళ్ల శాతం
నూటికి నూరు.
ఎంత చక్కని అంకె.
మౌస్ మీద వేలుంచి
కరెంటు పోయేదాకా కూర్చున్నాను.

హెడ్మాస్టరు సంతకం మరిచి మూడోసారి పోవాల్సి వచ్చింది.
గౌసియాకు జ్వరం. గళ్లలో ఏడుగురే.
నాలుగోది ఖాళీగా వదిలి కూర్చున్నారు,
జరిగి నింపొచ్చు, జరగలేదు.
"మేడమ్, జర కూసోండ్రి" అన్నాడు సారు,
"ఎన్మిదిమంది లేకుంటే వరుస తెగుతది."

చున్నీ నడుముకు బిగించి,
మోకాళ్లు మడిచి మునివేళ్ల మీద కూర్చున్నాను,
ముఖం రైలుకట్ట వైపు.
వెనక ఉరుకుతున్న కాళ్లు
నాకు అన్నీ ఒక్కలాగే వినిపించాయి.
నలభై రెండు ప్రశ్నల్లో ఒక్కటీ గుర్తులేదు,
పదిహేడోది తప్ప.
తొడలు వణుకుతున్నాయి. చెమట కళ్లలోకి దిగింది.
తుడుచుకుంటే వినబడదేమోనని
తుడుచుకోలేదు.

వీపు మీద చిన్న అరచెయ్యి.
ఖో.
లేచాను. ఎటు?

విజిల్.
"లేటు మేడమ్" అన్నాడు శరణప్ప సారు, నవ్వకుండా.
"రాస్కోండ్రి."